ఎస్ మీద తలకట్టు

వరంగల్, మిల్లు వాడ
1944 నవంబరు 12

రత్నమక్కకు హన్నా రాస్తున్నది.

నువ్వు బాగున్నావా అని అడగను. బోర్డింగులో ఏడేళ్ళు నీ పక్క చాప మీదే పడుకున్నదాన్ని, నీకేమవుతుంది! నీ నోటికి భయపడి జ్వరాలు కూడా దూరంగానే ఉంటాయి. నా సంగతే బాగాలేదు. మూడు రోజులుగా ఒకటే కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక పొద్దున పిల్లల మీద అరిచి, మళ్ళీ నేనే సిగ్గుపడ్డాను.

మిషన్ కమిటీ నుంచి కాగితం వచ్చింది. యుద్ధం మూలంగా దొరల సీమ నుంచి సాయం తగ్గిందట, అందుకని చిన్న బళ్ళు పదకొండింటిలో అయిదు మూసేస్తారట. మూసే జాబితాలో మా మిల్లు వాడ బడి మూడోది. ఒక్క దారి మాత్రం పెట్టారు. బడి ఎందుకు ఉండాలో ఆ బడి టీచరు తన చేత్తో ఇంగ్లీషులో రాసి జనవరి పదిహేనులోగా పంపితే, మార్చి మీటింగులో ఆలోచిస్తారట. కమిటీలో సగం మందికి తెలుగు రాదు కదా, అందుకని ఇంగ్లీషు.

నా ఇంగ్లీషు నీకు తెలుసు. ఇంకొకరు రాస్తే అర్థమవుతుంది, నేను రాస్తే నాకే అర్థం కాదు. పోయినేడు పంపిన రిపోర్టును బళ్ళ తనిఖీ చూసే మిస్సమ్మ ఎర్ర పెన్సిలుతో దిద్ది తిప్పి పంపింది. పంతొమ్మిది గుర్తులు. అందులో పదిహేను అపాస్ట్రఫీలే. అదే అక్కా, మనం ఎగిరే కామా అనేవాళ్ళం, అది. ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. కింద ఒక మాట కూడా రాసింది: ముందు మీరు నేర్చుకోండి, తర్వాత నేర్పండి అని. ఆ మాటకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మా బడి పాకలో ఇరవై ఏడుమంది పిల్లలు. అందరూ మిల్లు కూలీల పిల్లలే, పని కోసం కేసముద్రం వైపు నుంచీ పాలంపేట వైపు నుంచీ వచ్చినవాళ్ళు. బడికి రాకముందు వీళ్ళు గేటు బయట కూర్చుని చెత్త పత్తి ఏరేవాళ్ళు. తలుపు మూసిన మర్నాడే మళ్ళీ అక్కడికే పోతారు. చిలుకమ్మ అని తొమ్మిదేళ్ళది ఒకతి ఉంది. మొన్న మొదటిసారి తన పేరు తానే రాసుకుని, రెండు రోజులు ఆ పలకను ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఇక నీకు పలక అక్కర్లేదు పొమ్మని దానితో నేనెట్లా చెప్పేది?

నువ్వు సికింద్రాబాదు మిలిటరీ ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే టైపు కొడతావు. నాకు ఆ ఎగిరే కామా నేర్పు. ఈ కాగితం వెనక పది వాక్యాలు రాశాను, ఎక్కడ తప్పో చెప్పు. రెండు నెలలుంది. నేర్చుకుంటాను. నవ్వినా సరే, తిట్టినా సరే.

నీ చెల్లె
హన్నా


సికింద్రాబాదు
1944 నవంబరు 25

ఏమే మొద్దూ,

నవ్వాను. తిట్టాను కూడా. పక్క బల్ల మీది అమ్మాయి ఎవర్నే తిడుతున్నావంది, వరంగల్‌లో ఒకతుందిలే అన్నాను.

నీ జబ్బు పట్టుకున్నాను. నువ్వు పెడుతున్నది అపాస్ట్రఫీ కాదే, తలకట్టు! తెలుగులో క రాసి తలకట్టు, గ రాసి తలకట్టు, పెట్టీ పెట్టీ అలవాటైన చెయ్యి కదా. ఇంగ్లీషు ఎస్ బోడినెత్తితో నిలబడితే నీకు జాలేస్తున్నట్టుంది. కనబడిన ప్రతి ఎస్‌కూ పైన ఒక టిక్కు పెట్టి పంపావు. ఒకచోట స్కూల్ అనే మాట మొదట్లో ఉన్న ఎస్‌కు కూడా పెట్టావు. అది చూసి మాత్రం కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వాను.

ఇప్పుడు విను. చాలా ఉన్నాయని చెప్పడానికి ఎస్ వస్తే దాని జోలికి పోకు. స్లేట్స్, బాయ్స్, మిల్స్, అన్నీ బోడిగానే ఉండనీ. ఎవరిది అని అడిగితే జవాబు వచ్చే చోట మాత్రమే గుర్తు. ఒక్క అబ్బాయి పుస్తకమైతే బాయ్ అని రాసి, గుర్తు పెట్టి, అప్పుడు ఎస్. చాలామంది అబ్బాయిలదైతే బాయ్స్ అని పూర్తిగా రాసి, ఎస్ దాటాక గుర్తు. చిల్డ్రన్ అనేది ఎస్ లేకుండానే చాలామంది కాబట్టి దానికి ఒక్క అబ్బాయి పద్ధతే. డోంట్, కాంట్ వంటి వాటిలో ఒక అక్షరం మింగేశారు, మింగిన చోట గుర్తు. కానీ పెద్దలకు రాసే అర్జీలో ఆ మింగుడు మాటలు వద్దు, డు నాట్ అని నిండుగా రాయి. ఇక 'దాని' అనే అర్థంలో ఇట్స్ రాస్తే గుర్తు వద్దు. ఎందుకని అడక్కు. మా కెప్టెన్ దొర సీమలో పుట్టి కూడా వారానికి రెండుసార్లు అది తప్పు రాస్తాడు. నేను నోరు మూసుకుని దిద్ది కొడతాను.

మా టైపు మిషన్ మీద ఆ గుర్తు ఎనిమిది అంకె నెత్తిన ఉంటుంది. ఆశ్చర్యార్థకానికి వేరే మీట లేదు. ఈ గుర్తు కొట్టి, వెనక్కి జరిపి, కింద చుక్క కొట్టాలి. రోజూ వందసార్లు దాని మొహం చూస్తాను కాబట్టి నా మాట నమ్ము.

ఇంకొకటి. గుర్తులు సరిగ్గా ఉంటే చాలదు, కమిటీ చెవికి ఇంపుగా ఉండాలి. వాళ్ళు ఏం వినాలనుకుంటారో నీకంటే నాకు బాగా తెలుసు. చిత్తు రాసి నాకు పంపు.

రత్నం


మిల్లు వాడ
1944 డిసెంబరు 10

రత్నమక్కా,

బడి గోడంతా బొగ్గుతో బాయ్స్, గర్ల్స్ రాసి గుర్తులు పెడుతున్నాను. గోడంటే తడిక మీద మట్టి మెత్తింది, నీకు తెలుసుగా. ఈ పాక వేసిన వెంకట్రాజం మొన్న మిల్లు నుంచి వస్తూ ఆగి చూసి, "ఏంది పంతులమ్మా, గోడ నిండ ఈగలు గీస్తాన్నవు?" అన్నాడు. ఈగలు కాదు, బడి నిలబడాలంటే ఇవి రావాలి అన్నాను. "గీ ఈగలతోని బడి నిలబడుతదంటే నేను గూడ నాలుగు గీస్త, బొగ్గు ఇటియ్యి" అన్నాడు. నవ్వానుగాని లోపల ఏదో అయింది. వారమంతా మిల్లులో ఒళ్ళు హూనం చేసుకుని, ఆదివారాలు ఈ పాక కప్పు వేశాడు ఆయన.

ఒకచోట మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు. పలకలు ఎవరివి అని రాయాలి. మా దగ్గర పలకలు అయిదు, పిల్లలు ఇరవై ఏడుమంది. ఏ పలకా ఎవరిదీ కాదు. చివరికి చిల్డ్రన్ పక్కనే గుర్తు పెట్టి ఎస్ రాశాను. అందరివీ అయినట్టే లెక్క.

చిత్తు పంపుతున్నాను. ఏం రాశానో తెలుగులో చెప్తాను, నా ఇంగ్లీషు నుంచి నీకు తేలకపోతే పనికొస్తుంది. బడికి మూడు గోడలు, నాలుగో పక్క గోనెపట్టా. ఇరవై ఏడుమందిలో మన క్రైస్తవుల పిల్లలు ఇద్దరు. తక్కినవాళ్ళు ఎవరూ మతం మారడానికి రారు, చదువుకోవడానికి వస్తారు. చిలుకమ్మ వాళ్ళమ్మ కట్టమ్మ మొదటి రోజే నాతో కరాఖండిగా చెప్పింది: "నెత్తి మీద నీళ్ళు పోస్త అంటే మా పోరిని తోలనే తోల. రాసుడు సదువుడు నేర్పుతా అంటే రోజూ నేనే తోల్కొచ్చి దించిపోత." అట్లాగే దించిపోతోంది, ఒక్క రోజు మానకుండా. ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రాశాను. ఎక్కాలు పన్నెండు దాకా వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది, అదీ రాశాను.

గుర్తులు దిద్దు. తొందరగా పంపు అక్కా, నాకు మనసు నిలవడం లేదు.

హన్నా


సికింద్రాబాదు
1944 డిసెంబరు 23

చెల్లే,

పండుగ పని, ఆఫీసు పని రెండూ నెత్తిన ఉన్నాయి, అందుకని పొట్టిగా రాస్తున్నాను. నీ చిత్తు దిద్ది, శుభ్రంగా టైపు కొట్టి పెట్టాను. గుర్తులు నువ్వే చాలావరకు సరిగ్గా పెట్టావు, మెచ్చుకుంటున్నాను. అక్కడక్కడా వాక్యాలు నున్నగా చేశాను, అంతే. నువ్వు ఆలోచించకు. ఉన్నదున్నట్టు నీ చేత్తో ఎత్తి రాయి, ఒక్క చుక్క కూడా మార్చకు. మారిస్తే మళ్ళీ తప్పులొస్తాయి. టైపు కాగితం చించెయ్యి.

క్రిస్మసుకు నీకు రవికె గుడ్డ పంపుతున్నాను. రంగు నచ్చకపోయినా కుట్టించుకో.

రత్నం


మిల్లు వాడ
1945 జనవరి 8

రత్నమక్కా,

మూడు రోజులు కూర్చుని ఎత్తి రాశాను. ఒక్క సిరా మరక లేదు. ప్రతి ఎస్ దగ్గరా ఆగి, నీ కాగితం మీద వేలు పెట్టి, నా కాగితం మీద వేలు పెట్టి సరిచూశాను. ఇరవై రెండు గుర్తులు, ఇరవై రెండూ సరిగ్గా ఉన్నాయి. సంతకం చేసి నేనే హనుమకొండ దాకా నడిచి వెళ్ళి మిషన్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. తిరిగొచ్చేటప్పుడు దారంతా నాలో నేనే నవ్వుకున్నాను, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళు.

రవికె గుడ్డ రంగు ఘోరంగా ఉంది. కుట్టించుకున్నాను.

హన్నా


మిల్లు వాడ
1945 ఫిబ్రవరి 11

రత్నానికి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

గురువారం మిస్సమ్మ బడి చూడ్డానికి వచ్చింది. చేతిలో నా అర్జీ. గుమ్మంలోనే నవ్వుతూ, "హన్నమ్మగారూ, ఒక్క అపాస్ట్రఫీ కూడ తప్పు లేదు, మిక్కిలి సంతోషము" అంది. నేను పొంగిపోయాను. పోయినేటి ఎర్ర పెన్సిలు గుర్తొచ్చి గర్వంగా కూడా అనిపించింది. తర్వాత ఆమె పిల్లల వైపు తిరిగి, "బాప్తిస్మమునకు సిద్ధపడుచున్న ఇరువదిమంది పిల్లలు లేచి నిలువబడుడి" అంది.

ఎవరూ లేవలేదు. మన క్రైస్తవ పిల్లలిద్దరూ తమకు బాప్తిస్మం ఎప్పుడో అయింది కదా, లేవాలా వద్దా అని నా మొహం చూశారు. నాకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడే చిలుకమ్మను తీసుకుపోవడానికి కట్టమ్మ వచ్చింది. మిస్సమ్మ ఆమెను అడిగింది, ఆదివారం సాయంత్రం మీరందరు ఈ పాకలో ప్రార్థన చేయుచున్నారు గదా అని. కట్టమ్మ తెల్లబోయింది. "పార్థననా? ఐతారం మాకు మిల్లు సెలవు దొరసానీ. బట్టలు ఉతుక్కుంటం, పోరగాళ్ళ తలలు సూసుకుంటం. గిదంత ఎవలు చెప్పిన్రు మీకు?" అంది.

మిస్సమ్మ అర్జీ నా చేతికిచ్చింది. అప్పుడు చదివాను. నా చేత్తో నేను రాసిన కాగితాన్ని మొదటిసారి అప్పుడు చదివాను. ఇరవైమంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారని ఉంది. తల్లిదండ్రులు ఆదివారాలు ప్రార్థనకు కూడుతున్నారని ఉంది. కట్టమ్మ మాట లేనే లేదు. అన్నీ నా అక్షరాలే, గుండ్రంగా, అందంగా.

ఎట్లా చూడలేదని నువ్వు అడుగుతావేమో. బోర్డింగులో మనం ఎట్లా చూడలేదో అట్లాగే. మన తిండికి సాయం పంపే సీమ దొరసానులకు ఏడాదికి రెండుసార్లు థాంక్స్ ఉత్తరం రాయాలి. టీచరమ్మ నల్లబల్ల మీద రాస్తే ఎత్తి రాసేవాళ్ళం. చేతిరాత బాగుందా, మరకలు పడ్డాయా అని చూసుకున్నాం గాని, అందులో ఏముందని ఎప్పుడైనా అడిగామా? నువ్వు ఎత్తి రాయమన్నావు, ఎత్తి రాశాను. గుర్తులు మాత్రమే చూశాను.

ఈ ఉత్తరము ఎవరిది అని మిస్సమ్మ అడిగింది. నాదే అన్నాను. అర్జీ నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది. కట్టమ్మ అక్కడే నిలబడి ఉంది. "మా పోరిని మీల కలుపుకున్నట్టు రాసినవా పంతులమ్మా?" అని అడిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది. మర్నాడు చిలుకమ్మ బడికి రాలేదు. ఇవాళ్టికి పదకొండుమంది రావడం లేదు.

ఎందుకు రాశావు? నాకు ఒక్క మాట చెప్పకుండా ఎందుకు రాశావు?

హన్నా


సికింద్రాబాదు
1945 ఫిబ్రవరి 17

హన్నా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివాక రెండు కాగితాలు తప్పు కొట్టాను. కెప్టెన్ దొర ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఎందుకు రాశానంటే, బడి నిలబడాలని రాశాను. నీ చిత్తు చదివి నాకు భయమేసిందే. ఎవరూ మతంలోకి రారు, నీళ్ళు పోస్తే పిల్లను పంపనంది అని కమిటీకి రాస్తారా ఎవరైనా? ఆ ఒక్క వాక్యానికే తలుపు మూసేస్తారు. వాళ్ళకు కావలసింది నాకు తెలుసు, బోర్డింగులో చేరిన నాటి నుంచి తెలుసు. మా నాన్న సంగతి నీకు గుర్తుందా? మూడు తరాల క్రైస్తవుడు. ఆ థాంక్స్ ఉత్తరాల్లో మాత్రం ఏటేటా రాళ్ళకు మొక్కడం మానేసి కొత్తగా మారుతుండేవాడు. నేను ఎత్తి రాసి పంపేదాన్ని. దాంతోనే నాకు తిండి, దాంతోనే చదువు, దాంతోనే ఈ టైపు ఉద్యోగం. అది అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు. ఉత్తరం అంటే అట్లాగే ఉంటుందనుకున్నాను.

ఆ కట్టమ్మ అడిగిన మాట చదివినప్పుడు మాత్రం తోచింది. మా నాన్న ఆ ఉత్తరాలు చదవగలిగి ఉంటే నన్ను ఏమడిగేవాడో అనుకున్నాను. చచ్చిపోయాడు కాబట్టి బతికిపోయాను.

నీకు చెప్పకుండా చెయ్యడం తప్పు. తప్పే. నేనే కమిటీకి రాస్తాను. అర్జీ నేను తయారు చేశాను, హన్నాకు తెలియదు అని టైపు కొట్టి సంతకం పెట్టి పంపుతాను. నా ఉద్యోగం మిలిటరీది, మిషన్ వాళ్ళు నన్నేమీ చెయ్యలేరు. నువ్వు ఊఁ అను, రేపే పంపుతాను. ఊఁ అనవే.

రత్నం


మిల్లు వాడ
1945 ఫిబ్రవరి 26

అక్కా,

ఊఁ అనను.

నువ్వు రాస్తే ఏమవుతుంది? పాపం హన్నాకు ఇంగ్లీషు రాదు, ఏం సంతకం చేసిందో దానికే తెలియదు అంటారు. అట్లాంటి టీచరు ఉన్న బడి ఎందుకు ఉంచాలి? సంతకం నాది. చదవకుండా పెట్టింది నేను. నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను, ఇంకా సగం ఉంది. కానీ ఈ పని నువ్వు చెయ్యకు.

మళ్ళీ రాశాను. ఈసారి నీకు పంపలేదు. మొదటి వాక్యమే, జనవరిలో నేను ఇచ్చిన అర్జీలో రెండు సంగతులు నిజం కావు, దానికి నేనే బాధ్యురాలిని అని పెట్టాను. తర్వాత నా చిత్తులో ఉన్నవన్నీ మళ్ళీ రాశాను. కానీ పంపేముందు వాడలోని తల్లులనూ తండ్రులనూ ఇంటింటికీ వెళ్ళి పిలిచాను. మీ గురించి ఏం రాశానో వినండి, వినకుండా ఈసారి ఒక్క ముక్క పంపను అన్నాను. మొదటి పిలుపుకు నలుగురే వచ్చారు. రెండోసారి మళ్ళీ తిరిగాను. మూడోసారికి కట్టమ్మ వచ్చింది, వాకిట్లోనే కూర్చుంది, లోపలికి రాలేదు.

ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. పిల్లలు కొందరు ఆకలితో బడికి వస్తారు అని ఒకచోట రాశాను. కట్టమ్మ వాకిట్లోంచే, "ఆగు. గా మాట తీసెయ్యి" అంది. నిజమే కదా కట్టమ్మా అన్నాను. "నిజమైతే మాత్రం? మా ఇజ్జత్ తీసి దొరల ముంగట పెడుతవా? మేం బిచ్చానికి రాలే. గంజి తాగిచ్చన్న తోలుతాన్నం గని ఉత్త కడుపుతోని తోలుతలేం" అంది. కొట్టేశాను. వెంకట్రాజం పాక వేసింది తానొక్కడే కాదు, పోశయ్య కూడా ఉన్నాడని చెప్పాడు, ఆ పేరు చేర్చాను. ఇట్లా తొమ్మిది మార్పులు. అంతా అయ్యాక కట్టమ్మ లేచి, చీర దులుపుకుని, "ఇగ పంపు" అంది. పొద్దున చిలుకమ్మను దించి వెళ్ళింది. నాతో మాట్లాడలేదు, కానీ దించి వెళ్ళింది.

గుర్తుల దగ్గర నాకింకా అనుమానమే. ఎవరిది అని అడిగి జవాబు వస్తేనే పెట్టాను. కొన్ని తప్పి ఉంటాయి. ఉండనీ. మార్చి మూడున కమిటీ. ఎదుట నిలబడి మాట్లాడతానని కబురు పంపాను, సరే రమ్మన్నారు.

హన్నా


సికింద్రాబాదు
1945 మార్చి 12

చెల్లే,

మూడో తారీఖు పోయి తొమ్మిది రోజులైంది. ఒక కార్డు ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదా? ఆఫీసులో టపా వాణ్ణి రోజూ అడిగి అడిగి, వాడు నన్ను చూస్తే వెనక గుమ్మం నుంచి పోతున్నాడు. మంచైనా చెడైనా రాయి. నువ్వు వద్దన్నావని నేను కమిటీకి రాయలేదు. నా నోరు, నా చెయ్యి రెండూ ఇంతకాలం ఊరుకోవడం ఇదే మొదటిసారి.

నన్ను తిట్టడానికైనా రాయి.

రత్నం


మిల్లు వాడ
1945 మార్చి 20

రత్నమక్కా,

తీర్పు మొన్న వచ్చింది, అందుకే ఆగాను. వరసగా చెప్తాను, మధ్యలో చివరి పేజీకి పోకు.

మూడో తారీఖున హనుమకొండలో పొడుగు బల్ల వెనక ఆరుగురు కూర్చున్నారు. మిస్సమ్మ ముందు రెండు అర్జీలూ పక్కపక్కన ఉన్నాయి. రెండోదాంట్లో పదకొండు ఎర్ర గుర్తులు దూరం నుంచే కనిపించాయి. పెద్ద పాద్రి దొర మొదటిది ఎవరు రాశారని అడిగాడు. సంతకం నాదండీ అన్నాను. రాసింది ఎవరు అని మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి గొంతు పెంచాడు. అబద్ధమెందుకు, భయమేసింది. కానీ అదే చెప్పాను. పోనీ పిల్లలు మతంలోకి రాకపోతే మిషన్ ఈ బడి ఎందుకు నడపాలో చెప్పు అన్నాడు. పిల్లలు ఉన్నారు కాబట్టి అన్నాను. ఇంకా ఏవేవో మంచి మాటలు దారిలో అనుకుంటూ వెళ్ళాను గాని అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. ఎక్కాలు వచ్చిన తొమ్మిదిమంది పేర్లు చెప్పి వచ్చేశాను.

మొన్న శనివారం సాయంత్రం కవరు వచ్చింది. టైపు కాగితం, ఇంగ్లీషు. వాడంతా పాక ముందు చేరింది. ఇదివరకు ఇట్లాంటివి వస్తే నేను మిషన్ ఆఫీసు గుమాస్తా దగ్గరికి పట్టుకుపోయి చదివించుకునేదాన్ని. ఈసారి అక్కడే నిలబడి విప్పాను. ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాను.

మొదటి వాక్యం: మిల్లు వాడ బడి జాబితాలోంచి తీసేశారు, బడి నడుస్తుంది. అక్కా, ఆ కేక నీకు సికింద్రాబాదు దాకా వినబడి ఉండాలి. వెంకట్రాజం తలపాగా తీసి పైకి విసిరాడు. రెండో వాక్యం: ఇంకో పది పలకలు ఇస్తారు. మూడో వాక్యం నేను లోపల చదువుకుని ఆగాను.

టీచరు తెలిసో తెలియకో అసత్యమైన కాగితంపై సంతకం చేసినందువల్ల మార్చి ముప్పై ఒకటిన పని అప్పగించి వెళ్ళాలి. ఏప్రిల్ ఒకటి నుంచి వేరే టీచరు వస్తుంది.

అందరూ నవ్వుతున్నారు, పిల్లలు గంతులేస్తున్నారు. కాగితం మడిచేసి ఇంతే అంటే అయిపోయేది. ఆ వాడలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నిజంగా మడిచాను కూడా. అప్పుడు కట్టమ్మ వైపు చూశాను, మళ్ళీ విప్పాను, చదివాను. తెలుగులో చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా.

ముందుగా కట్టమ్మే అంది, "గా ముక్క సదవకపోతే మాకెట్ల తెలుస్తుండె పంతులమ్మా?" తెలిసేది కాదు అన్నాను. ఆమె దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఇగ నువ్వు యాడికి పోతవు?" అంది. అప్పుడు ఏడ్చాను. ఇన్ని నెలల్లో అప్పుడే ఏడ్చాను, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ.

ఇప్పుడు నువ్వు ఏడవకు. కమిటీ కాళ్ళు పట్టుకోవడానికి రావద్దు. సికింద్రాబాదు వచ్చెయ్యి, ఏదో ఒకటి చూస్తానంటావు, అదీ వద్దు. తీర్పు చెడ్డదేం కాదు. బడి మీద పడాల్సింది నా మీద పడింది. నీ మీద మిగిలిన సగం కోపం కూడా ఆ రోజే పోయింది, వెతికినా దొరకలేదు.

నేను వాడ విడిచి పోవడం లేదు. నేనుంటున్న మిషన్ గది అప్పగించాలి కాబట్టి కట్టమ్మ వాళ్ళ వసారాలో చాప వేసుకుంటాను. ఆమె మేస్త్రీతో మాట్లాడింది, మిల్లులో పత్తి శుభ్రం చేసే ఆడవాళ్ళలో ఒక చోటు ఉందట. "నీ చేతులు సున్నితం, మొదటి వారం నెత్తురొస్తది, ఫికర్ చెయ్యకు, నేనుంట పక్కకు" అంది. వచ్చే టీచరు ఎవరో ఏమో, పిల్లల పేర్లన్నీ కాగితం మీద రాసి పెట్టాను, ఎవరికి ఎక్కడిదాకా వచ్చిందో కూడా. చిలుకమ్మకు గుణింతాలు సగం అయ్యాయి.

ఏప్రిల్ రెండు సోమవారం. మిల్లు కూత కూసేసరికి గేటు దగ్గర ఉండాలి. కట్టమ్మా నేనూ ముందు చిలుకమ్మను బడిలో దించి, అట్లాగే పనికి పోతాం.

హన్నా